గడియ తీసినోడి నవ్వు

ఆదోని నుంచి హొళగుంద పోయే దారిలో సన్నబురుజు అని ఒక ఊరుంది. బస్సు దిగితే మొదట కనపడేది నా ఉగ్గాని హోటలే. నా పేరు దేవేంద్రప్ప. నేను చెప్పబోయేది గిడ్డయ్య గురించి. మొన్న ఉగాది ముందర ఒక యుద్ధం సినిమా వచ్చి ఊళ్ళన్నీ ఊగిపోయాయి కదా, అందులో కోట తలుపు గడియ తీసి, తోలుసంచి పట్టుకుని, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వుతాడే ఒక ముసలాయన, ఆయనే గిడ్డయ్య. ఆ నవ్వు చూసి మీరూ ఒక బూతు తిట్టే ఉంటారు. తిట్టింది చాలు, కాసేపు కూర్చొని వినండి.

గిడ్డయ్యకు ఒక ఇంటిపేరు ఉంది, ఆధార్ కార్డులో చూస్తే తెలుస్తుంది. ఊళ్ళో మాత్రం వాళ్ళు ‘గడియోళ్ళు’. మా గుట్ట మీద పాత కోట ఉంది. రెండు బురుజులు, ఒక రాతి వాకిలి మిగిలాయి అంతే. ఎన్నో తరాల కిందట ఎవడో సర్దారు దండు తెచ్చి ఆ కోటను చుట్టుముట్టాడట. కోట ఎంతకీ లొంగకపోతే, తలుపు కాపలా కాసేవాడు బంగారానికి ఆశపడి గడియ తీశాడట. దండు లోపలికి జొరబడి ఆడామగా, ముసలీముతకా చూడకుండా నరికేసిందట. నరికిన ఆ సర్దారు పేరేమిటో మా ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు చెప్పలేడు. గడియ తీసినవాడి ఇల్లు ఏదంటే మాత్రం పాలు తాగే పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఆ వంశం వాడే గిడ్డయ్య. మాలపాటి వంక దగ్గర రెండెకరాల మెట్ట, వానొస్తే కొర్రలు, రాకపోతే కూలి.

ఏటా జాతర రెండో రోజు మా ఊళ్ళో గడియ మోత ఉంటుంది. నిలువెత్తు తుమ్మకొయ్య గడియ ఒకటి గుడి వసారాలో దాచి ఉంచుతారు. గడియోళ్ళ ఇంటి మగవాడు దాన్ని భుజానికెత్తుకుని కోటవాకిలి నుంచి చావడి దాకా నడవాలి. దారికి రెండు పక్కలా ఊరంతా నిలబడి బూడిద, పేడ, తెగిన చెప్పులు విసురుతుంది. ఆడవాళ్ళు మెటికలు విరిచి శాపనార్థాలు పెడతారు. మోసేవాడికి తల మీద నుంచి గొంగడి కప్పుతారు, మొహం కనపడకూడదు. అదొక్కటే వాళ్ళ మీద ఊరు చూపించే దయ. ముసుగు ఉంది కాబట్టి ఆ దెబ్బలు గిడ్డయ్యకు కాదు, ఎప్పుడో మట్టిలో కలిసినవాడికి అని అందరూ సర్దుకుంటారు. మర్నాడు అదే గిడ్డయ్య శనక్కాయలు పెరకడానికి వస్తే ‘రా గిడ్డన్నా’ అని పిలిచి మజ్జిగ పోస్తారు.

మోయకపోతే ఏమౌతుందని అడుగుతారేమో. వాన రాదట. మా పడమటి పల్లెల్లో వాన రాదంటే ఇంకేం మాట్లాడతారు? గిడ్డయ్య తాత ఒక ఏడు మోయనని మొండికేస్తే ఆ ఏడు కరువొచ్చిందని, ఊరంతా కలిసి ఆయన గుడిసెకు అగ్గి పెట్టారని చెబుతారు. ఇప్పటికీ ఆ ఇంటి తలుపుకు గడియ పెట్టుకోనివ్వరు. తాడుతో కట్టుకుంటారు. గిడ్డయ్య పెండ్లాం హులిగమ్మ సంగటి వండి చెంబు పట్టుకుని బయటికి పోతే, తిరిగొచ్చేలోపు కుక్క దూరి తినిపోయిన రోజులు ఎన్నో. ఆమె తిట్టేది కుక్కనే, ఊరిని తిట్టే దమ్ము ఎవరికుంటుంది.

గిడ్డయ్య ఇన్నేళ్ళూ మోశాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. మోకాళ్ళు అరిగి గుట్ట దిగడం కష్టమయ్యాక, వచ్చే జాతరకు కొడుకు మారుతి మోయాలని చావడిలో తేల్చారు. మారుతి ఆదోని పత్తి యార్డులో బోరాలు మోస్తాడు. నెమ్మదైనవాడు, పిలిస్తే గానీ పలకడు. ఆ మాట విన్న రోజు గిడ్డయ్య నా హోటల్లో కూర్చొని, ముందర పెట్టిన బజ్జీ ముట్టుకోలేదు.

“నేను మోసినా గదప్పా దేవేంద్రా, నాతో పోతే బాగుండు. వాడు గూడా ఆ పేడ తినల్లనా?” అన్నాడు.

సరిగ్గా ఆ దినాల్లోనే సినిమావాళ్ళు దిగారు. వ్యాన్లు, గుర్రాలు, లైట్లు, అట్టతో చేసిన ఏనుగు. మా కోటకు రంగులేసి కొత్త తలుపులు పెట్టారు. ఊళ్ళో సగం మంది సైనికుల వేషం కట్టారు. డైరెక్టరు పొద్దున్నే నా హోటల్‌కు వచ్చి, ఉగ్గాని తింటూ అందర్నీ ఊరి కథలు అడిగేవాడు. మనిషి మంచివాడిలాగే ఉండేవాడు. గడ్డం, మెడలో రుద్రాక్ష, మాట మెత్తన. ఒక రోజు చావడి పెద్ద లక్ష్మప్ప పక్కన కూర్చొని ఉండగానే, ఆయన అందరికీ వినపడేట్టు అన్నాడు:

“నా సినిమాలో విలన్ రాక్షసుడు కాదండీ, మనిషి. వాడికీ ఒక బిడ్డ ఉంటుంది, ఒక నొప్పి ఉంటుంది. హాల్లో జనం వాడి కోసం ఏడవాలి.”

గిడ్డయ్య గోడవారగా నిలబడి టీ తాగుతున్నాడు.  ఆ మాట ఆయనకు ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి. మా ఊళ్ళో కోట కథకు విలన్ ఎవరు? సర్దారా? వాడి పేరే ఎవరికీ తెలీదంటిని కదా. సన్నబురుజులో పుట్టిన ఏ మనిషినైనా అడగండి, విలన్ అంటే గడియ తీసినవాడే. గిడ్డయ్య కూడా సన్నబురుజులోనే పుట్టాడు మరి. డైరెక్టరు తన వంశం పెద్దాయన గురించే మాట్లాడుతున్నాడని గిడ్డయ్య అనుకున్నాడు. ఆయనే కాదు, నేనూ అట్లాగే అనుకున్నాను, లక్ష్మప్పా అట్లాగే అనుకున్నాడు.

గిడ్డయ్య గ్లాసు కింద పెట్టి చేతులు కట్టుకుని వచ్చాడు. “సార్, ఆ గడియ తీసినోడు మా పెద్దాయనే. జరిగింది వీళ్ళు సెప్పేది గాదు సార్. మా ఇంట్లో సెప్పుకునేది నేను సెప్తాను,” అన్నాడు.

చెప్పాడు. అంతకుముందు ఆయన నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. కోటలో రాతి దొన, వాన నీళ్ళు నిలిచే గుంట, ఎండిపోయిందట. తలుపు కాపలావాడికి ఒక చిన్న ఆడబిడ్డ. తల్లి లేదు. దాహానికి నాలుక పిడచగట్టి, తండ్రి చొక్కా నోట్లో పెట్టుకుని చెమట చీకేదట. ఒక తెల్లవారుజామున ఆ బిడ్డ చీకడం కూడా మానేసింది. అప్పుడు గడియ ఎత్తాడట, కింద పారే వంకలో నుంచి ఒక తోలుతిత్తెడు నీళ్ళు తెచ్చుకుందామని. పొదల్లో దండు కాచుకుని ఉన్న సంగతి ఆయనకేం తెలుసు? బిడ్డ నీళ్ళు తాగింది, బతికింది. “ఆ బిడ్డ కడుపున పుట్టినోల్లమే సార్ మేము,” అన్నాడు గిడ్డయ్య.

డైరెక్టరు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు, నా రెండు కళ్ళతో చూశాను. లేచి గిడ్డయ్య చేతులు పట్టుకున్నాడు. “చొక్కా చీకడం... ఈ ముక్క నాకిచ్చెయ్యండి పెద్దాయనా. నా సినిమాకు ప్రాణం ఇదే,” అన్నాడు.

“తీసుకోండి సార్. అంతకంటే నాకేం గావల్ల,” అన్నాడు గిడ్డయ్య.

లక్ష్మప్ప మెత్తబడ్డాడో, సినిమావాళ్ళ ముందు పెద్దరికం చూపించుకున్నాడో తెలీదు గానీ, మీసం దువ్వుకుంటూ ఒక మాట ఇచ్చాడు. “సినిమాలో మీ పెద్దాయన మంచోడని వస్తే, ఆ గడియను నేనే పొయ్యిలో పెడతా. నీ కొడుకు మొయ్యల్సిన పని ల్యాదు. ఈడున్నోల్లందరూ సాక్షి.” ఆ సాయంత్రం హులిగమ్మ నాకు చెరకు బెల్లంతో చేసిన పాయసం గిన్నెతో తెచ్చిచ్చింది. ఆ ఇంట్లో పాయసం వండడం నాకు తెలిసి అదే మొదలు.

గడియ తీసేవాడి వేషం గిడ్డయ్యకే ఇచ్చారు. ఇయ్యరా మరి? ఆ గడియను ఆయన భుజం ఎరిగినట్టు ఏ నటుడి భుజం ఎరుగుతుంది? ఎత్తడం ఒక్కసారికే ఓకే అయింది. తర్వాత ఆయన్ను ఒక్కడినే, వెనక ఏ బొమ్మైనా అతికించుకోవడానికి కట్టే పచ్చగుడ్డ ముందర నిలబెట్టారు. ఎదురుగా మనిషి లేడు, మేక లేదు. చేతిలో మూతి కట్టిన తోలుసంచి పెట్టారు.

“ఏముంది సార్ దీంట్లో?”

“మీకు ఏది కావాలో అది ఉందనుకోండి పెద్దాయనా. బిడ్డ బతికింది. నవ్వండి. గట్టిగా!”

గిడ్డయ్య దాన్ని నీళ్ళతిత్తి అనుకున్నాడు. ఒక చెయ్యి కింద పెట్టి, చుక్క కారకుండా గుండెకు హత్తుకున్నాడు. నవ్వాడు. దేవుడా, ఆ నవ్వు! లైట్లు పట్టుకున్న కుర్రవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఇంటికి పోతూ పోతూ దారిలో కూడా నవ్వుతూనే ఉన్నాడు మహానుభావుడు.

సినిమా జాతర ముందర విడుదలైంది. ఊరంతా ట్రాక్టర్లు కట్టుకుని ఆదోనికి పోయాం. గిడ్డయ్య ఉతికిన పంచె కట్టాడు. హులిగమ్మ హాలు గడపకు కొట్టడానికి టెంకాయ తెచ్చింది. మారుతి యార్డు నుంచి అట్లాగే వచ్చాడు, తల మీద పత్తి పింజలతో. నేను గిడ్డయ్య పక్కన కూర్చున్నాను.

సగం సినిమా అయ్యాక ఒక గుడారం చూపించారు. లోపల ఒక చిన్నబిడ్డ, జ్వరంతో, దాహంతో పడి ఉంది. తండ్రి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ బిడ్డ తండ్రి అంగీ కొస నోట్లో పెట్టుకుని చీకుతోంది. వెనక ఎవరో ఆడమనిషి వెక్కుతోంది. గిడ్డయ్య నా చెయ్యి పట్టుకుని, “అదే, అదే గదప్పా... మా పెద్దాయన,” అంటూ తనూ ఏడ్చాడు. నేను తెర వైపు మళ్ళీ చూశాను. ఆ తండ్రి తలకు పచ్చల తురాయి ఉంది, నడుముకు బంగారు పిడి కత్తి ఉంది. తలుపు కాపలావాడికి తురాయి ఎక్కడిది? వాడు సర్దారు. దండు తెచ్చినవాడు. కోట లోపలి మనుషుల్ని దాహంతో చంపుతున్నవాడు. వాడి బిడ్డ నోట్లో పెట్టారు మా గిడ్డయ్య ఇచ్చిన చొక్కాను.

గిడ్డయ్యకు తెలియడానికి ఇంకో నిమిషం పట్టింది. “దేవేంద్రా, వీడు సర్దారు గదా? మా కత వీనికి పెట్టినారేందప్పా?” అని అడిగాడు, పిల్లవాడు అడిగినట్టు. అంతలోనే తెర మీద తలుపు తెరుచుకుంది. గుర్రాలు దూకాయి. ఆడవాళ్ళను జుట్టు పట్టి ఈడుస్తున్నారు. పసిబిడ్డను ఎత్తి బురుజు మీద నుంచి విసిరారు. ఆ వెంటనే, తెర నిండా గిడ్డయ్య మొహం. తోలుసంచి గుండెకు హత్తుకున్నాడు. సంచిలో నాణేల గలగల. నవ్వుతున్నాడు. అదే నవ్వు.

హాల్లో ఒక అరుపు లేచింది. తెర మీదకు నీళ్ళ బాటిల్ ఒకటి ఎగిరింది. “థూ నీ వంశం నాశనం గాను!” అని ఎవరో అరిచారు. తర్వాత మా ఊరివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగి మా వరుస వైపు చూశారు. మారుతి లేచి తండ్రి ముందర అడ్డంగా నిలబడ్డాడు, తెర కనపడకుండా. సినిమా చివర్లో సర్దారు చచ్చిపోతే ఆదోని ఆడవాళ్ళు పైటకొంగులు తడుపుకున్నారు. బయటికొస్తూ ఒక కుర్రవాడు “సర్దారు గూడా మనిషే గదరా పాపం” అంటున్నాడు. వాడి పక్కనే నడుస్తున్నాడు గిడ్డయ్య.

నేను ఊరుకోలేదు. కడుపు మండి, ఆ డైరెక్టరుకు పట్టు విడవకుండా ఫోన్లు చేశాను. చివరికి దొరికాడు. “మీ కథ అంత గొప్పది కాబట్టే విలన్‌కు పెట్టామండీ,” అన్నాడు, అదే మెత్తని గొంతుతో. “గడియ తీసేవాడు చిన్న పాత్ర. వాడికీ బిడ్డ, వాడికీ బాధ అంటే చూసేవాళ్ళు తికమకపడతారు. ఎవరో ఒకరిని తిట్టుకోవాలి కదా జనం.” గిడ్డయ్య నవ్వు అద్భుతమని చెప్పమన్నాడు కూడా. నా నోటికి వచ్చిన మాటలు ఇక్కడ రాస్తే అచ్చువెయ్యరు. మర్నాడు టీవీలో వాణ్ణి కూర్చోబెట్టి, శత్రువును కూడా మనిషిగా చూపించిన పెద్ద మనసు అని పొగిడారు.

గిడ్డయ్యను వెంటబెట్టుకుని లక్ష్మప్ప దగ్గరకు పోయి, అది కల్పించిన సినిమా కదా, నీ మాట నిలబెట్టుకో అన్నాను. “కల్పించిందయితే వాడెందుకు నవ్వినాడప్పా?” అన్నాడు. “సర్దారు గూడా ఏడ్సినాడు. వీడు నవ్వినాడు. అందరూ సూసినారు.” నీళ్ళతిత్తి అనుకున్నాడని చెబితే చావడిలో కూర్చున్నవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంతకుముందు కనీసం గిడ్డయ్య ముందర నవ్వేవాళ్ళు కారు.

జాతర వచ్చింది. ఏటా మా ఊరు ఒక్కటే ఉండేది, ఈసారి ఎమ్మిగనూరు నుంచి కూడా జనం బండ్లేసుకుని వచ్చారు. ప్రతివాడి చేతిలో ఫోను. మారుతి కోటవాకిలి దగ్గర గొంగడి కప్పుకుని గడియ ఎత్తుకున్నాడు. గిడ్డయ్య దూరంగా రాతి మీద, నా పక్కన, తల దించుకుని కూర్చున్నాడు.

“వీడు గాదు! నవ్వినోడు యాడ? నవ్వినోన్ని పిలవండి!” అని ఎవరో కేక వేశారు. అంతే, గుంపంతా అందుకుంది. నవ్వినోడు, నవ్వినోడు. మారుతి కదలకుండా నిలబడ్డాడు. లక్ష్మప్ప ముందుకొచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసి, “పక్కకు పోరా మారుతీ. ఇది నీ వంతు గాదు,” అన్నాడు.

గిడ్డయ్య తల ఎత్తాడు. లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ గుంపులోకి పోయాడు. నేను చొక్కా పట్టుకుని లాగినా ఆగలేదు. లక్ష్మప్ప ఎదురుగా నిలబడి అడిగాడు: “ఏమన్నావప్పా? ఇంగోసారి సెప్పు. వాని వంతు గాదా?”

“నువ్వుండంగ వాడెందుకు? నువ్వున్నన్ని దినాలు నువ్వే. జనానికి నీ మొగమే గావల్లంట.”

“అందరూ విన్నారు గదా?” అని గిడ్డయ్య చుట్టూ చూశాడు. విన్నామని అరిచారు. కొడుకు భుజం మీద నుంచి గడియ తీసుకున్నాడు. మారుతి వదల్లేదు. “నాయనా, వద్దు నాయనా,” అంటున్నాడు. “ఇయ్యిరా. నా మాట ఇను, ఇయ్యి,” అని లాక్కున్నాడు ముసలాయన. గొంగడి కప్పబోతే లక్ష్మప్ప కొడుకు దాన్ని అవతలికి విసిరేశాడు. మొహం లేకపోతే వీడియోలో ఏముంటుంది?

“నవ్వు! నవ్వురా గడియోడా!”

నవ్వాడు. కోటవాకిలి నుంచి చావడి దాకా నవ్వుతూనే నడిచాడు. మొదట బూడిద, తర్వాత పేడ. ఆ తర్వాత, జాతర పుట్టిన నాటి నుంచీ ఎవరూ విసరనివి, రాళ్ళు. ఒక రాయి ఎడమ కంటికి తగిలింది. అప్పుడు కూడా ఆపమని ఒక్కడూ అనలేదు. ఫోన్లు ఇంకా దగ్గరికి జరిగాయి. గడియను చావడి అరుగు మీద దించాకే కూలబడ్డాడు. నేనూ మారుతీ ఆటోలో వేసుకుని ఆదోని ఆసుపత్రికి పోయాం. దారంతా వాడు తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ కన్ను పోయింది. కట్టు మార్చడానికి వచ్చిన నర్సమ్మ ఆయన్ను గుర్తుపట్టి, నువ్వు ఆ సినిమాలో ముసలోడివే కదా అని మొహం చిట్లించింది. గిడ్డయ్య అదేం పట్టించుకోలేదు. డాక్టరు వచ్చేదాకా మంచం మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“సార్, నేను ఇంగా ఎన్నేండ్లు బతుకుతాను?”

డాక్టరు చిన్న వయసువాడు. ముసలాయన భయపడ్డాడనుకున్నాడు పాపం. భుజం తట్టి, “దెబ్బ కంటికే కదా పెద్దాయనా, ప్రాణానికేం కాదు. గుండె గట్టిగా ఉంది. బీడీలు మానేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు,” అన్నాడు.

గిడ్డయ్య హులిగమ్మ వైపు తిరిగాడు. “విన్నావా? ఇరవై ఏండ్లంట. అంతవరకు మారుతికి మోత ల్యాదు,” అన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన జేబులో ఉన్న బీడీ కట్ట తీసి, మంచం కింద ఉన్న చెత్తబుట్టలో వేశాడు.